అక్క వెనక్కి తిప్పించిన సీను

సినిమా చూసినందుకు నన్ను పదమూడేళ్ళ వయసులో సంఘం ముందు నిలబెట్టించింది మా అక్క. ఆ అక్కే మొన్న ఎండాకాలం, ఎనభై నిండాక, సోఫాలో కాళ్ళు ముడుచుక్కూర్చుని, ఒంటిమీద చొక్కా లేని కుర్రాడొకడు తడిజుట్టు పిల్లని గోడకి ఆనించి ముద్దు పెట్టుకుంటుంటే రెప్ప వెయ్యకుండా చూసింది. చూసి ఊరుకోలేదు. "ఏదీ, మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పవే," అంది మనవరాలితో. నాకు జరిగిన అన్యాయం ఇది. ముందు ఈ ముక్క రాసేశాను. మిగతాది ఇక నిదానంగా రాయొచ్చు.

మా అక్క పేరు సువార్తమ్మ. పాస్టరుగారి భార్యగా నలభై ఏళ్ళు కృష్ణా డెల్టాలో ఊరూరూ తిరిగి, సండే స్కూలు పిల్లలకి మంచీ చెడూ చెప్పిన మనిషి. బావగారు పోయాక బెజవాడలో, పటమటలో, కూతురి దగ్గర ఉంటోంది. నా పేరు దేవదానం. నా బడి చదువు ఏడో తరగతితో సరి. ఆ తరవాత నేర్చుకున్నదంతా దొరికిన కాగితమల్లా చదువుకుని నా అంతట నేను నేర్చుకున్నదే. ఆటోనగర్లో లేతు మిషను ముందు నిలబడి బతికాను. ఇప్పుడు షెడ్డు మూసేశాను గానీ చేతులు ఊరుకోవు కాబట్టి బంధువుల ఇళ్ళల్లో పాడైన వస్తువులన్నీ నా దగ్గరికే వస్తాయి. అక్క మిక్సీ జారు అడుగున కారుతోందంటే తెచ్చుకుని, బుష్షు మార్చి, బ్లేడు సానబెట్టి, ఆ శనివారం మధ్యాహ్నం పట్టుకెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి ఈలలూ చప్పట్లూ వినపడుతున్నాయి. ఏదో మ్యాచి కాబోలనుకున్నాను. మ్యాచే. కాకపోతే నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఆట అయిపోయి, ఆడినవాళ్ళిద్దరూ స్నానాల గది బయట నిలబడి ఉన్నారు.

"రారా దానం, కూర్చో. మంచి పట్టుమీద ఉంది," అంది అక్క, నావైపు తల తిప్పకుండానే.

అక్క పక్కన దాని మనవరాలు షారోను. ఏదో ప్రైవేటు కాలేజీలో ఆటల టీచరు. ఇద్దరి మధ్యా ఉప్పుసెనగల గిన్నె. టీవీలో ఏదో పరాయి దేశపు సినిమా, మాటలు మాత్రం తెలుగు. ఆ పిల్లా, ఆ కుర్రాడూ షటిల్ ఆటగాళ్ళట. ఒకళ్ళంటే ఒకళ్ళకి మంటట. కోచి ఇద్దరినీ కలిపి ఒక జట్టులో వేశాడట. ఇదంతా షారోను చెప్పింది. నేను నిలబడే విన్నాను.

"పడకపోతే మరి ఆ పనేంటమ్మా?" అన్నాను తెర వైపు వేలు చూపించి.

"అదే కదరా కథ," అంది అక్క.

"ఆటేదీ? వచ్చి ఇంతసేపయింది, ఒక్క సర్వీసు కూడా చూళ్ళేదు నేను. ఆ అబ్బాయికి చొక్కా ఎక్కడ పోయింది?"

"తాతయ్యా, ఆట ఎవరిక్కావాలండీ! ఊరికే టైంపాస్," అని నవ్వింది షారోను.

"దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగాను. పుస్తకం తెరిచినా, పేపరు తెరిచినా నేను అడిగే మొదటి ప్రశ్న అది. ఏ ఉపయోగమూ లేనిదాన్ని నేను డెబ్బై అయిదేళ్ళలో ఇంట్లోకి రానివ్వలేదు.

"ఏం లేదు," అంది అక్క. "నయాపైసా ఉపయోగం లేదు. హాయిగా ఉంది, అంతే."

"నీ వయసెంత?"

"నీకన్నా అయిదేళ్ళు ఎక్కువ. ఇంకెప్పుడు చూడమంటావు?"

"పాస్టరుగారి భార్యవి నువ్వు."

"ఆయన ఇప్పుడు ఇంతకన్నా మంచిచోట ఉన్నార్రా. ఆయనకేం అభ్యంతరం ఉండదు," అని, అప్పుడు చెప్పింది మనవరాలికి, వెనక్కి తిప్పమని. షారోను తిప్పింది. ఆ కుర్రాడు మళ్ళీ గది తలుపు తీసుకుని వచ్చాడు. ఆ పిల్ల మళ్ళీ జుట్టు విదిలించుకుంది. మళ్ళీ అంతా మొదట్నుంచీ. అక్క సెనగలు నమలడం ఆపేసింది. ఆ మొహం చూశాను నేను. బాప్తిస్మపు పాట పాడేటప్పుడు కూడా అంత వెలుగు లేదు ఆ మొహంలో. బయటికొచ్చేశాను. మెట్లు దిగి ఆటో ఎక్కాక చూసుకుంటే చేతిలో మిక్సీ మూత ఉంది. జారు అక్కడే వదిలేసి మూత పట్టుకొచ్చేశాను.

ఎందుకింత మండిపాటు అని ఎవరైనా అడగొచ్చు. ఆడమనిషి, పెద్దది, ఏదో కాలక్షేపానికి చూసుకుంటోంది, నీకేం పోయిందయ్యా అనొచ్చు. నాకేం పోయిందో చెప్పాలంటే మా ఇల్లు చెప్పాలి.

పామర్రుకి రెండు మైళ్ళు, కాలవ అవతల పల్లె మాది. మా నాన్న ఆ పల్లెకి ఉపదేశి. పాస్టరుగారు పది ఊళ్ళకి ఒక్కరు. ఆయన నెలకోసారి వస్తే, మిగతా రోజుల్లో మందిరం, ప్రార్థన, పిల్లలకి అక్షరాలు, తగాదాలు, చావులు, అన్నీ నాన్నవే. ఆయనకి ఉన్నది ఒక తెల్ల లాల్చీ, ఒక పంచె. ఆ లాల్చీ ఆదివారం పొద్దుటికి దానంతటది నిలబడేలా ఉండాలి. అందుకని మా ఇంట్లో శనివారమంటే గంజి వాసన. అన్నం వార్చిన గంజి అక్క వేరే సట్టిలో తీసి, పల్చటి గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, లాల్చీ ముంచి, పిండి దండెం మీద వేసేది. మాకు ఇస్త్రీపెట్టె ఎక్కడిది? ఇత్తడిచెంబులో కొబ్బరిచిప్పల నిప్పులు పోసి, దాని అడుగుతో రుద్దేది. వేడి చెంబు తగలగానే ఆ గంజి వాసన లేస్తుందే, కాస్త పుల్లగా, కాస్త కాలినట్టు, ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను నిటారుగా నిలబడిపోతాను. అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. సాయంత్రం వచ్చేసరికి కాళ్ళమీద బురద ఎండి తెల్లగా పొలుసు కట్టి ఉండేది. అది కడుక్కోకముందే పొయ్యి దగ్గరకెళ్ళి మూతలు తీసి చూసేది, అక్క ఏం వండిందోనని. పొయ్యి అంటించడం, వండటం అక్క వంతు. నీళ్ళు మొయ్యడం నా వంతు. చెల్లెలు చిన్నది, దానికి ఏ వంతూ లేదు, అందరి దగ్గరా తిట్లు తినడం తప్ప.

సాయంత్రం దీపం పెట్టగానే ప్రార్థన. నాన్న బైబిలు చదివి, చదివినచోట వేలు ఉంచి మూసి, దీపం వెలుగులో ఒక్కొక్కళ్ళ మొహం చూసేవాడు. "ఇవాళ ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా?" అనేవాడు. ఉండాలి. లేదంటే అదే పెద్ద తప్పు, అతిశయం. అందుకని నేను మధ్యాహ్నం నుంచే ఒక చిన్న పాపం సిద్ధం చేసి పెట్టుకునేవాణ్ణి. బెల్లంముక్క తిన్నాను, చెల్లిని గిల్లాను, పాటలో సగం పాడి మిగతా సగం ఊరికే పెదాలు కదిపాను. ఒక్కోరోజు ఏమీ దొరక్కపోతే, చెప్పుకోవడం కోసమే వెళ్ళి చెల్లిని గిల్లి వచ్చేవాణ్ణి. మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. ఒకళ్ళ తప్పు ఇంకొకళ్ళు చెప్పొచ్చు. అది చాడీ కాదు, ప్రేమ, అనేవాడు నాన్న. గోతిలో పడబోతున్నవాణ్ణి పిలవడం లాంటిదట. ఆ ప్రేమ మా ఇంట్లో ధారాళంగా ఉండేది.

ఇక సినిమా. వేసవిలో పామర్రులో గుడారం సినిమా వేసేవాళ్ళు. ఎడ్లబండికి రెండువైపులా బొమ్మలు కట్టి, డప్పు కొట్టుకుంటూ, రంగుకాగితాలు చల్లుకుంటూ మా పల్లె గట్టుమీదుగా పోయేది సినిమా బండి. డప్పు వినపడగానే మా ఇంట్లో పిల్లలం గోడవైపు తిరిగి నిలబడాలి, బండి మలుపు తిరిగేదాకా. నాన్న ఊళ్ళో లేనప్పుడు కూడా నిలబడేవాళ్ళం. సున్నం రాలిన ఆ గోడమీద ప్రతి పగులూ నాకు ఇప్పటికీ గుర్తే. బండి పోయాక, దాని కాగితాలు మా వాకిట్లో పడి ఉంటే ఏరి పొయ్యిలోకి పెట్టాలి. అది అక్క పని. బండి వచ్చిన రోజుల్లో పొయ్యి అంటుకోవడానికి మామూలుకన్నా చాలాసేపు పట్టేది. కట్టెలు పచ్చిగా ఉన్నాయనేది అక్క. మేం నమ్మేవాళ్ళం.

నా పదమూడో ఏట, కాలవలు కట్టేసిన ఎండాకాలం, పామర్రులో ఉండే మా మేనత్తకి జ్వరమొస్తే నీళ్ళు తోడిపెట్టడానికి నన్ను రెండు రోజులు పంపారు. అదే సమయంలో పామర్రు మందిరంలో స్త్రీల కూడిక ఉంటే అక్క కూడా పల్లె ఆడవాళ్ళతో బండెక్కి వచ్చిందని నాకు తెలుసు. వాళ్ళది వాళ్ళు చూసుకుని వెళ్ళిపోతారని నేను పట్టించుకోలేదు. జంతికలు కొనుక్కోమని మేనత్త ఇచ్చిన నాణెం పట్టుకుని, పొద్దుగూకే వేళ గుడారం దగ్గర నిలబడ్డాను. లోపలికి ఎలా వెళ్ళానో తెలియదు. కాళ్ళు వెళ్ళాయి. ఇసక కుప్ప చేసుకుని దానిమీద కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపుకీ మా వైపుకీ మధ్య నడుమెత్తు తడిక. వెనకాల ఇంజను చప్పుడు, బీడీ పొగ, ఉడకబెట్టిన వేరుసెనక్కాయల వాసన.

ఆ సినిమాలో ఒక వస్తాదు. కండలు తిరిగినవాడు, బుర్ర మాత్రం అంతంత. పొరుగూరి వస్తాదు కూతుర్ని చూసి మనసు పారేసుకుంటాడు. ఆ పిల్ల, మా నాన్నని కుస్తీలో పడగొడితేనే నీ మొహం చూస్తానంటుంది. అని ఊరుకోకుండా వీడు తాగే బాదంపాలల్లో కారం కలుపుతుంది, వీడు ఒళ్ళు రుద్దుకునే నూనెలో దురదగుంటాకు పిండుతుంది. వాడు గోక్కుంటూ కుస్తీ పడుతుంటే నేను నవ్విన నవ్వు అంతకుముందు నవ్వలేదు, ఆ తరవాతా నవ్వలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే, పక్కనున్న ఎవరో ముసలాయన వీపుమీద గుద్దుతూ నవ్వాను. బావి దగ్గర తడిచీరతో ఆ పిల్ల పాట పాడుతుంటే మాత్రం నవ్వాగిపోయి, ఇసకలో వేళ్ళు దూర్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అందులో ఏ నీతీ లేదు. ఏ ఉపయోగమూ లేదు. చివర్లో మామా అల్లుళ్ళ కుస్తీ దాకా ఒక్క ముక్క వదలకుండా చూశాను. ఆ కుస్తీ ఎలా ముగిసిందో నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా రోజుల్లో ఒక్కడు సినిమా చూసొస్తే పదిమంది చుట్టూ కూర్చుని కథ చెప్పించుకునేవాళ్ళు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగే అవకాశం లేకుండా అయిపోయింది.

ఇంటికి వచ్చిన మూడోనాడు సాయంత్రం ప్రార్థనలో నాన్న బైబిలు మూసి, వేలు తీసేశాడు. వేలు తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. "ఉపదేశి ఇంటి బిడ్డ గుడారంలో కనపడిందని పామర్రులో చెప్పుకుంటున్నారు. ఎవరు వెళ్ళింది?" అన్నాడు. దీపం చిటపటలాడింది. అమ్మ చెల్లెల్ని దగ్గరకి లాక్కుంది. నేను నోరు తెరవబోతున్నాను, నిజంగా తెరవబోతున్నాను, ఇది ప్రభువుకి తెలుసు. ఈలోగా అక్క అంది, "తమ్ముడు, నాన్నా."

దానికెలా తెలిసిందా అని ఆ రాత్రి నుంచీ ఆలోచించి, తేల్చుకున్నాను. నా లాగూ ఉతికేటప్పుడు జేబులో టికెట్టు ముక్క దొరికి ఉంటుంది. చెడిపోయిన మిషను చూస్తే ఎక్కడ చెడిందో చెప్పగలవాణ్ణి నేను. ఇదీ అలాగే తేల్చుకున్నాను. ఆ టికెట్టు ముక్క మీద కోపంతోనే అరవై ఏళ్ళు గడిపాను.

నాన్న కొట్టలేదు. కొట్టి ఉంటే బావుండేది. ఆ పై ఆదివారం పాస్టరు అయ్యగారొచ్చాక, నన్ను బల్ల ముందు నిలబెట్టి, సంఘానికి చెప్పించారు. నేను చెప్పాను. ముసలమ్మలు నాలిక చప్పరించారు. అయ్యగారు జేబులోంచి కాగితం తీశారు. కాలవకి నీళ్ళు వదలగానే బాప్తిస్మం తీసుకోవలసిన పిల్లల పేర్లు అవి. పెన్సిలు నాలికమీద తడి చేసుకుని నా పేరు కొట్టేశారు. "వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ బందరులో బోర్డింగు బడికి నా పేరు రాసి ఉంది, దానికి బాప్తిస్మపు కాగితం కావాలి, ఆ కాగితం లేకపోతే సీటు లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాన్నకీ తెలుసు. నీళ్ళొచ్చిన రోజున కాలవ ఎర్రగా, బురదగా, గట్టంచు దాకా ఉంది. మా ఈడువాళ్ళు తొమ్మిదిమంది తెల్లబట్టల్లో ఒక్కొక్కళ్ళూ మునిగి లేస్తుంటే, వాళ్ళకి తువ్వాళ్ళు అందించే పని నాకిచ్చారు. నాన్నే ఇచ్చాడు. తొమ్మిది తువ్వాళ్ళూ అందించాను. పదోది నా చేతిలోనే ఉండిపోయింది, మా అమ్మ ముందే ఉతికి పెట్టుకున్నది.

మరుసటేడు నాకూ బాప్తిస్మం ఇచ్చారు. సీటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ మధ్యలోనే నాన్న నన్ను బస్సులో బెజవాడ తీసుకొచ్చి, తెలిసినాయన లారీల వర్క్‌షాపులో అప్పజెప్పాడు. దారిపొడుగునా ఆయన ఒంటిమీద గంజి పెట్టిన లాల్చీ సీటుకి రాసుకుని చప్పుడు చేసేది, అంతే. బయల్దేరేటప్పుడు అక్క నా చేతిలో ఒక చొక్కా పెట్టింది. గంజి పెట్టి, మడత నలగకుండా. నా మొహం చూడలేదు. అది మొదలు, పెళ్ళై ఏ ఊళ్ళో ఉన్నా సరే, ప్రతి క్రిస్మసుకీ నాకొక చొక్కా వచ్చేది, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి. నేను తొడుక్కునేవాణ్ణి. వందనాలు చెప్పేవాణ్ణి. ఆ సాయంత్రం మాట మాత్రం నేనెత్తలేదు, తనెత్తలేదు. దాని ఇంట్లో పెళ్ళిళ్ళకి వెళ్ళాను, బావగారు పోయినప్పుడు పెట్టె మోశాను. మా ఇద్దరి మధ్యా మాత్రం నడుమెత్తు తడిక ఒకటి అలాగే ఉంది.

బెజవాడ వచ్చిన కొత్తలో కక్షకొద్దీ వారానికి రెండు సినిమాలు చూశాను. బేరింగులు చుట్టివచ్చిన పేపరు ముక్కలు చదివి భాష నేర్చుకున్నాను, గ్రంథాలయంలో కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను, సినిమాల్లో మాత్రం ఏమీ దొరకలేదు నాకు. లైట్లు ఆరగానే వీపుమీద సంఘం కళ్ళన్నీ ఉన్నట్టు ఉండేది. అందరూ నవ్వేచోట నేను తువ్వాళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి మానేశాను. సినిమా వల్ల ఉపయోగం ఏమిటని అందరినీ అడగడం మొదలుపెట్టాను. నా పిల్లల్ని కూడా అడిగాను. వాళ్ళు నా ముందు టీవీ కట్టేసేవాళ్ళు.

ఇప్పుడు చూడండి. ఏ డప్పూ లేదు, ఏ బండీ లేదు, ఎవరూ గోడవైపు తిరగక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోన్లోనే గుడారం. పటమట అపార్టుమెంటులో, గోడకి ప్రభువు పటం కింద, పాస్టరుగారి భార్య మనవరాలిని పక్కన పెట్టుకుని, అంత సిగ్గుమాలిన సీను చూసి, వెనక్కి తిప్పించి మళ్ళీ చూసింది. పిడుగేం పడలేదు. ఎవరూ పేరు కొట్టెయ్యలేదు. మంచిదే, కొట్టెయ్యొద్దు. కానీ ఇది ఇంత తేలికైన విషయమే అయితే, ఆనాడు అంత బరువు ఎందుకు వేశారు ఒక పిల్లాడి నెత్తిన? ఇది పాపమైతే అక్క ఇప్పుడు లేచి నిలబడాలి. పాపం కాకపోతే నా బడి నాకు తిరిగివ్వాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి జరగాలి. మధ్యలో ఉప్పుసెనగలు నమలడం కుదరదు.

ఆ మాటే ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు, గీతల కాగితం మీద, వంకర లేకుండా. చివర ఒక్క ప్రశ్న పెట్టాను: "ఆ రోజు ఎందుకు చెప్పావు? జేబులో టికెట్టు ముక్క దొరికితే నా చేతిలో పెట్టి ఊరుకోవచ్చుగా?" నేనే వెళ్ళి వాళ్ళ అపార్టుమెంటు వాచ్‌మన్ చేతికిచ్చి, పైకి వెళ్ళకుండా వచ్చేశాను.

వారం గడిచింది. కబురు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని షారోనుకి ఫోను చేశాను.

"అమ్మమ్మ బానే ఉంది తాతయ్యా. మీ ఉత్తరం మూడుసార్లు చదివింది. చదివి, ఆ సినిమా మిగతాది చూద్దామంటే వద్దంది. ఏం రాశారేంటి అందులో?"

"సినిమా మిగతాది చూళ్ళేదా?"

"లేదండీ. సగంలో ఆపేసింది. మీరొస్తే చూద్దామంటోంది."

ఆపేసిందని వినగానే నాకు సంతోషం వేయాలి కదా. వేయలేదు. ఆ మొహంలో చూసిన వెలుగు గుర్తొచ్చింది. దాన్ని నేనే ఊదేశానా అనిపించింది. అంతలోనే, అనిపిస్తే అనిపించనీ అని మళ్ళీ మొండికేశాను.

పదకొండో రోజున షారోను కాలేజీకి వెళ్తూ వెళ్తూ స్కూటరు మా గుమ్మం ముందు ఆపి, ఒక కాగితం మడత ఇచ్చి వెళ్ళింది. పాత గోడ క్యాలెండరు పేజీ, వెనకవైపు పెన్సిలు రాత. సండే స్కూలు పిల్లలకి వచనాలు రాసిచ్చిన చేతిరాత, ఇప్పుడు కాస్త వణికింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను:

"దానం, నీ ఉత్తరం అందింది. నీ జేబులో ఏ టికెట్టు ముక్కా లేదురా. నేను అక్కడే ఉన్నాను. కూడిక అయ్యాక మేనత్తని చూసొస్తానని ఆడవాళ్ళతో చెప్పి గుడారంలోకి వెళ్ళాను. పొయ్యిలో పెట్టే ముందు ఆ కాగితం చదివినప్పటినుంచీ మనసు అక్కడే ఉంది. వాడు గోక్కుంటూ కుస్తీ పడుతుంటే తడిక అవతల ఒక నవ్వు వినపడింది. అలాంటి నవ్వు మనింట్లో నేనెప్పుడూ వినలేదు, అయినా నీదేనని తెలిసిపోయింది. లేచి చూస్తే నువ్వే. భయమేసి, ఇంటర్వెల్లో లేచొచ్చేశాను. నాన్నగారు బిడ్డ అన్నారు గానీ ఏ బిడ్డో అనలేదు. బావగారివాళ్ళు నన్ను చూసుకుని వెళ్ళి అప్పటికి పదిరోజులు. నా పేరు బయటికొస్తే సంబంధం పోతుందని, నోట్లోంచి నీ పేరొచ్చింది. మగపిల్లాడివి, రెండు దెబ్బలేసి వదిలేస్తారనుకున్నాను. తువ్వాళ్ళ సంగతీ, బడి సంగతీ నాకేం తెలుసు. తప్పు నాది. ఏటా చొక్కా పంపేటప్పుడు దాంతోపాటు ఈ ముక్క రాయాలనుకునేదాన్ని, చెయ్యి వచ్చేది కాదు. అప్పట్నుంచి నేను ఒక్క సినిమా చూళ్ళేదు. బావగారు పట్నంలో చదువుకున్న మనిషి, పెళ్ళైన కొత్తలో ఆయనే రమ్మన్నారు, తమ్ముడికి బడి పోగొట్టింది నాకెందుకని రానన్నాను. మొన్న షారోను పెట్టిన సినిమాలో ఆ పిల్ల ఆ అబ్బాయిని ఏడిపిస్తుంటే నాకు ఆ వస్తాదు పిల్లే గుర్తొచ్చింది. అందుకే వెనక్కి తిప్పమన్నాను. సంఘం ముందు నిలబడమంటే నిలబడతాను, నువ్వు పక్కనుంటే. కానీ ఒకటి చెప్పరా, నేను అడగడానికి మొహం లేక ఇన్నేళ్ళూ ఊరుకున్నాను, నువ్వు రెండో సగం కూడా చూశావు కదా, ఆ మామా అల్లుళ్ళ కుస్తీలో ఎవరు గెలిచారు? వచ్చి చెప్పు. మొదట్నుంచీ చెప్పు, తొందరపడకుండా. వచ్చేటప్పుడు మిక్సీ మూత తీసుకురా, పచ్చడి చేసుకోక పన్నెండు రోజులైంది."